ఒకే గ్రానైట్ అంచున నల్లగా, నడుమ తెల్లగా ఎందుకుంటుంది? యోసెమిటీ రాళ్ళ మీద ఒక జవాబు

మీ ప్రశ్న చూడగానే నవ్వొచ్చింది, ఎందుకంటే సరిగ్గా ఆ టియోగా రోడ్డు మీదే (కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో ఉంది) నేను నా ఎమ్మెస్ థీసిస్ కోసం రెండు వేసవులు సుత్తి, సంచీ పట్టుకుని తిరిగాను. టియోగా పాస్ దగ్గర రాయి ముదురు బూడిద రంగులో ఉంది, టువాలమీ మెడోస్‌కి వచ్చేసరికి తెల్లబడిపోయి అందులో అగ్గిపెట్టెలంత గడ్డలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి, ఓమ్‌స్టెడ్ పాయింట్ దగ్గర మళ్ళీ ఇంకోలా ఉంది, అంతా ఒకే గ్రానైట్ అంటారు కదా మరి ఇన్ని రకాలేంటి, ఇదంతా ఒకేసారి చల్లారిందా అని కదా మీరు అడిగింది. మొదటి ముక్కకి జవాబు తేలికే. రెండోదానికి జవాబు "లేదు, ఒకేసారి చల్లారలేదు". ఆ "లేదు" అనడానికే జియాలజిస్టులకి చాలా ఏళ్ళు పట్టింది, అది ఎలా జరిగిందన్న దాని మీద ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు.

ముందు ఒక మాట. మీరు చూసిన దాంట్లో చాలాభాగం అసలు గ్రానైట్ కాదు, గ్రానోడయోరైట్. గ్రానైట్‌కి దగ్గర చుట్టం, పొటాష్ ఫెల్డ్‌స్పార్ (పొటాషియం ఉన్న లేత రంగు ఖనిజం) కాస్త తక్కువ, ప్లాజియోక్లేజ్ (కాల్షియం, సోడియం ఉన్న ఫెల్డ్‌స్పార్) ఎక్కువ. వ్యాపారంలో గట్టిగా ఉండి పాలిష్ పట్టే ప్రతి రాయినీ గ్రానైట్ అనేస్తారు లెండి, మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ కూడా అసలుకి గాబ్రో అనే ముదురు రంగు జాతి రాయి. ఇక్కడ సౌకర్యం కోసం నేనూ గ్రానైట్ అనే అంటాను.

మీరు తిరిగిన చోటుని టువాలమీ ఇంట్రూసివ్ సూట్ అంటారు, అంటే మాగ్మా (కరిగిన రాయి) భూమి లోపలే గట్టిపడి ఏర్పడ్డ రాళ్ళ గుంపు. సియెరా నెవాడా కొండల్లో సుమారు 1,100 నుంచి 1,200 చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. మ్యాపు మీద చూస్తే ఒకదాంట్లో ఒకటి పెట్టిన గిన్నెల్లా ఉంటుంది. అన్నిటికంటే బయట కూనా క్రెస్ట్ గ్రానోడయోరైట్, ముదురు రంగు, మీరు టియోగా పాస్ వైపు చూసింది అదే. దాని లోపల హాఫ్ డోమ్ గ్రానోడయోరైట్, ఆ పేరున్న కొండ ఆ రాయే, ఓమ్‌స్టెడ్ పాయింట్ కూడా అదే. దాని లోపల కెథీడ్రల్ పీక్ గ్రానోడయోరైట్, గడ్డలున్నది. నట్టనడుమ చిన్నగా జాన్సన్ గ్రానైట్ పోర్ఫిరీ, సన్న రేణువుల తెల్లరాయి, మెడోస్‌లో నది ఒడ్డున తక్కువ ఎత్తులో బయటపడుతుంది కాబట్టి చాలామంది దాని పక్కనుంచి నడిచిపోతారు గానీ గమనించరు. మీరు తూర్పు నుంచి పడమరకి కారు నడిపారు కాబట్టి అంచు నుంచి మధ్యకి, మధ్య నుంచి మళ్ళీ అంచు వైపుకి వెళ్ళారన్నమాట, అందుకే ఓమ్‌స్టెడ్ దగ్గర రాయి మళ్ళీ మారింది.

ఇప్పుడు ఎందుకు అన్నది. చిన్నప్పుడు ఫ్రిజ్‌లో రస్నా పోసి పుల్ల ఐస్ చేసుకునే ఉంటారు. గంట తర్వాత తీసి చూస్తే అంచుల్లో వట్టి నీళ్ళ ఐస్, రంగూ తీపీ అంతా మధ్యలోకి చేరి ఉండేది గుర్తుందా? ముందు గడ్డకట్టేది నీళ్ళు, అవి చక్కెరనీ రంగునీ తమలో పట్టనివ్వవు, దాంతో మిగిలిన పాకం లోపలికి లోపలికి చిక్కబడుతుంది. గ్రానైట్ మాగ్మా గురించి కూడా చాలాకాలం ఇలాగే చెప్పారు. భూమి లోపల కిలోమీటర్ల లోతున మాగ్మా చేరుతుంది, చుట్టూ ఉన్న పాత రాయి చల్లగా ఉంటుంది కాబట్టి అంచులు ముందు గట్టిపడతాయి. ఎక్కువ వేడిలో గట్టిపడే ఖనిజాలు హార్న్‌బ్లెండ్ (నల్లటి ఖనిజం), బయోటైట్ (నల్ల అభ్రకం), కాల్షియం ఎక్కువున్న ప్లాజియోక్లేజ్. ఇవి ఇనుము, మెగ్నీషియం, కాల్షియం పట్టుకుని అంచున కూర్చుంటాయి, రాయి నల్లబడుతుంది. మిగిలిన ద్రవంలో సిలికా, పొటాషియం, సోడియం పెరుగుతాయి, అది మధ్యలో క్వార్ట్జ్ (పలుగురాయి), పొటాష్ ఫెల్డ్‌స్పార్‌గా తెల్లగా తేలుతుంది. లెక్కల్లో చెప్పాలంటే బయటి కూనా క్రెస్ట్‌లో సిలికా రమారమి 60 శాతం దగ్గర ఉంటుంది, నడిమి జాన్సన్‌కి వచ్చేసరికి 75 శాతం దగ్గరికి పోతుంది. దీన్ని నార్మల్ జోనింగ్ అంటారు. అంచున తెల్లగా, మధ్యలో నల్లగా ఉండే తిరగబడ్డ రకం కూడా ఉంది, దక్షిణ కాలిఫోర్నియాలోని టర్టిల్ ప్లూటాన్ (ప్లూటాన్ అంటే ఇలా లోపలే గట్టిపడ్డ రాతి ముద్ద) అలాంటిదే, కానీ అరుదు.

ఇదే కథ ఒక్క రేణువులో కూడా కనిపిస్తుంది, నాకు ఈ సబ్జెక్టు మీద మోజు పుట్టింది అక్కడే. హాఫ్ డోమ్ రాయిని కాగితం కంటే పల్చగా అరగదీసి, అద్దం మీద అతికించి, మైక్రోస్కోపులో రెండు పోలరైజర్ల (వెలుగుని ఒకే దిశలో పోనిచ్చే పలకల) మధ్య పెట్టి చూస్తే ప్లాజియోక్లేజ్ రేణువు ఉల్లిపాయని అడ్డంగా కోసినట్టు ఉంటుంది. పొర మీద పొర, ఒకటి నల్లగా ఒకటి బూడిదగా, రాయి పెట్టిన పళ్ళెం (స్టేజ్) తిప్పుతుంటే పొరలు ఒక్కోటీ ఒక్కో కోణంలో ఆరిపోతుంటాయి. మధ్య పొరల్లో కాల్షియం ఎక్కువ, బయటి పొరల్లో సోడియం ఎక్కువ. కాల్షియం రకం ఫెల్డ్‌స్పార్ ఒంటరిగా అయితే సుమారు 1,550 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సోడియం రకం 1,120 దగ్గరే కరిగిపోతుంది, కాబట్టి చల్లారేటప్పుడు కాల్షియం ముందు కూర్చుంటుంది. మాగ్మాలో ఇవి కలిసి ఉంటాయి, నీరు కూడా ఉంటుంది కాబట్టి అసలు డిగ్రీలు చాలా తక్కువే, వరస మాత్రం అదే. తమాషా ఏంటంటే చాలా రేణువుల్లో నడిమి భాగం మురికిపట్టినట్టు మసగ్గా, అంచు మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉంటుంది, కాల్షియం ఉన్న భాగమే తర్వాత వచ్చిన వేడినీళ్ళకి ముందు పాడవుతుంది కాబట్టి. కానీ పొరలు నేరుగా కాల్షియం నుంచి సోడియానికి దిగవు, కాస్త తగ్గి, మళ్ళీ పెరిగి, మళ్ళీ తగ్గి ఊగుతుంటాయి. ఒకే గిన్నెలో నెమ్మదిగా చల్లారితే ఇన్నిసార్లు ఊగడమేంటి అని మా గైడ్ గారిని అడిగితే ఆయన నవ్వి, "అదే కదా నీ థీసిస్" అన్నారు. పన్నెండు నెలల పని ఒక్క ముక్కలో నెత్తిన పెట్టేశారు.

శాంపిల్స్ విషయంలో నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. (అది నేషనల్ పార్కు, గులకరాయి కూడా జేబులో వేసుకోకూడదు, మాకు రీసెర్చ్ పర్మిట్ ఉండేది.) కూనా క్రెస్ట్‌లో, హాఫ్ డోమ్‌లో పిడికెడు కంటే కాస్త పెద్ద ముక్కలు తీసుకున్నాను, రేణువులు చిన్నవి కాబట్టి సరిపోయింది. కెథీడ్రల్ పీక్ దగ్గరా బద్ధకించి అంతే ముక్క తీశాను, మోసుకెళ్ళేది నేనే కదా. అనాలిసిస్ వచ్చాక చూస్తే ఒక శాంపిల్‌లో పొటాషియం దాని పక్కన తీసిన దానికంటే దాదాపు రెట్టింపు! జోనింగ్‌లో ఏదో కొత్త సంగతి దొరికిందని రాత్రంతా నిద్రపట్టలేదు. పొద్దున్నే మిగిలిన ముక్క తీసి చూస్తే అర్థమైంది, దాంట్లో సగం ఒకే ఒక్క ఫెల్డ్‌స్పార్ గడ్డ. ఆ రాయిలో గడ్డలు రెండు మూడు అంగుళాలు ఉంటాయి, పిడికెడు ముక్క తీస్తే రాయిని కాదు, గడ్డని కొలిచినట్టు. గుండిగెడు సాంబారులోంచి ఒక్క గరిటె తీసి, అందులో ములక్కాడ పడిందని సాంబారంతా ములక్కాడే అన్నట్టు. మర్నాడు మళ్ళీ కొండెక్కి బకెట్టంత రాయి తెచ్చి మొత్తం పొడి చేశాను, ఆ అంకె మామూలుగా వచ్చింది. అప్పటినుంచి ఎవరైనా గ్రానైట్ కెమిస్ట్రీ గ్రాఫు చూపిస్తే ముందు ఎంత రాయి పొడి చేశారని అడగడం నాకు అలవాటైపోయింది.

సరే, పుల్ల ఐస్ కథ అంత బాగుంటే సమస్య ఏంటి? 1979లో జియాలజిస్టులు పాల్ బేట్‌మన్, బ్రూస్ చాపెల్ ఈ టువాలమీ మీద రాసిన పేపరు చాలాకాలం జోనింగ్ పాఠానికి మూలస్తంభంలా ఉండేది. అంచు నుంచి లోపలికి గట్టిపడటం, మధ్యలో మిగిలిన మాగ్మా మళ్ళీ కదిలి బయటి దాన్ని కోసుకుంటూ రావడం, ఇదీ వాళ్ళ కథ. బాగానే అతుకుతుంది. కానీ స్ట్రాన్షియం ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) కొలిస్తే అంచుకీ మధ్యకీ నిష్పత్తి మూడో దశాంశ స్థానంలో తేడా వచ్చింది. ఇంత చిన్న తేడాకి గొడవేంటి అనుకోకండి. ఖనిజాలు గట్టిపడి విడిపోవడం వల్ల సిలికా మారుతుంది, కాల్షియం మారుతుంది, ఈ నిష్పత్తి మాత్రం మారదు. రస్నా పాకం ఎంత చిక్కబడినా నారింజ రుచి మామిడి అవదు కదా. కాబట్టి మధ్యలోదీ అంచుదీ ఒకే గిన్నెలోది కాదు, కనీసం ఏదో ఒక దశలో వేరే మాగ్మా వచ్చి కలిసింది.

తర్వాతి దెబ్బ వయసుల నుంచి వచ్చింది. గ్రానైట్‌లో జిర్కాన్ అని ఇసుక రేణువు కంటే చిన్న స్ఫటికాలు ఉంటాయి, అవి పుట్టేటప్పుడు యురేనియం పట్టుకుంటాయి, సీసాన్ని దాదాపుగా దగ్గరికి రానివ్వవు, ఆ యురేనియమే కాలం గడిచేకొద్దీ సీసంగా మారుతుంది, కాబట్టి లోపల ఎంత సీసం తయారైందో చూసి వయసు చెప్పొచ్చు. 2004లో డ్రూ కోల్‌మన్, వాల్ట్ గ్రే, అలెన్ గ్లాజ్నర్ టువాలమీ జిర్కాన్లు కొలిచి చెప్పింది ఏంటంటే, అంచు వయసు సుమారు 9.5 కోట్ల ఏళ్ళు, మధ్య వయసు సుమారు 8.5 కోట్లు. అంటే మొత్తం కోటి ఏళ్ళ తేడా! ఒక్క హాఫ్ డోమ్ రాయే 9.2 కోట్ల నుంచి 8.8 కోట్ల దాకా, నలభై లక్షల ఏళ్ళు పట్టింది. ఇక్కడే లెక్క తప్పుతుంది. కొన్ని కిలోమీటర్ల మందం ఉన్న మాగ్మా ముద్ద ఒక్కసారి వచ్చి కూర్చుంటే పది లక్షల ఏళ్ళు తిరిగేలోపే గట్టిపడిపోవాలి. కోటి ఏళ్ళు ద్రవంగా ఎలా ఉంటుంది? ఉండదు. కొంచెం కొంచెంగా, ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చి చేరిందన్నమాట. అలా చూస్తే ఒక్కో దశలో నిజంగా ద్రవంగా ఉన్నది చాలా తక్కువ.

అయితే మరి అంచు నల్లగా మధ్య తెల్లగా అన్న వరస ఎక్కడిది? ఇక్కడ రెండు పక్షాలు. గ్లాజ్నర్, కోల్‌మన్ వాళ్ళ వైపు వాదన, ఆ తేడా పైన తయారవలేదు, కింద మాగ్మా పుట్టే చోటే కాలంతోపాటు మారింది, పైకి వచ్చేసరికే ఒక్కో బ్యాచ్ ఒక్కో రకం, మనం పైన చూసేది ఆ వచ్చిన వరసే అని. రెండో వైపు వాలీ మెమెటీ, స్కాట్ పాటర్సన్ వాళ్ళు. టువాలమీ మ్యాపులో పక్కకి పొడుచుకొచ్చిన వేళ్ళలాంటి భాగాలు ఉన్నాయి, వాటిని లోబ్స్ అంటారు, వాళ్ళు వాటిని విడిగా తీసుకుని చదివారు, 2010లో రాశారు. ఒక్కో వేలు చిన్నదే, త్వరగానే గట్టిపడింది, అయినా దాంట్లో కూడా అంచు నల్లగా మధ్య తెల్లగా ఉంది. అంటే చిన్న స్థాయిలో పుల్ల ఐస్ పద్ధతి నిజంగానే జరిగింది.

నన్నడిగితే ఇద్దరూ కరెక్టే, మధ్యేమార్గం కోసం అంటున్న మాట కాదిది. హాఫ్ డోమ్ రాయిలోనే అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిస్తే ముదురు రంగు నుంచి లేత రంగుకి మారి, ఠక్కున మళ్ళీ ముదురు మొదలై, మళ్ళీ లేతకి పోయే చోట్లు ఉన్నాయి. ఆ ఠక్కున మారే గీత దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చూశాను నేను. కింది వైపు లేత రాయిలో నల్ల హార్న్‌బ్లెండ్ ఒకటీ అరా, పై వైపు వేలి గోరంత నిగనిగలాడే హార్న్‌బ్లెండ్ కడ్డీలు గుంపుగా, వాటి మధ్య తేనె రంగులో స్ఫీన్ (టైటానియం ఉన్న ఖనిజం) ముక్కలు. ఒక బ్యాచ్ అయిపోయింది, కొత్త బ్యాచ్ వచ్చింది. బ్యాచ్ లోపల తేడా చల్లారడం వల్ల, బ్యాచికీ బ్యాచికీ తేడా కింది వంటింటి వల్ల. ఇది నా అభిప్రాయం, ఎవరి మాట పట్టుకున్నా రెండోవాళ్ళు ఒప్పుకోరు, నా వైవాలో ఒక గంట దీని మీదే పోయింది.

మీరు చూసిన ఆ గడ్డల సంగతి వేరే తలనొప్పి. చూస్తే ముందు పుట్టి మాగ్మాలో తేలుతూ పెరిగినట్టుంటాయి, చక్కటి మూలలు, లోపల బయోటైట్, హార్న్‌బ్లెండ్ ముక్కలు అంచుకి సమాంతరంగా వరసలు కట్టి ఉంటాయి, వాటిలో బేరియం అనే మూలకం కొలిస్తే అదీ పొరలు పొరలుగానే ఉంటుంది. కానీ ల్యాబ్‌లో అదే రాయి కరిగించి చల్లారిస్తే పొటాష్ ఫెల్డ్‌స్పార్ వచ్చేది దాదాపు చివర్లో. చివర్లో వచ్చినది అంత పెద్దగా, అంత అందంగా ఎలా పెరిగింది? వేడి పెరుగుతూ తగ్గుతూ ఉంటే చిన్న రేణువులు కరిగి పెద్దవాటికి తిండి అవుతాయని ఒక వాదన ఉంది, ఐస్‌క్రీం డబ్బా ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టి తీసి పెట్టి చేస్తే లోపల ఐస్ ముక్కలు పెద్దవైపోతాయి చూడండి, అలాగ. బ్యాచులుగా వస్తే వేడి పెరగడం తగ్గడం ఎలాగూ ఉంటుంది కాబట్టి నాకు ఇది నచ్చుతుంది.

ఇంతకీ ఈ జోనింగ్ అన్న మాట నేను మొదట విన్నది అమెరికాలో కాదు, గూడూరులో. మా మేనమామ సైదాపురం వైపు మైకా (అభ్రకం) గనిలో మేస్త్రీ. సెలవుల్లో వెళ్తే పాత గోతుల దగ్గరికి తీసుకెళ్ళేవాడు, నేలంతా కాకిబంగారం మెరుస్తూ ఉండేది. అక్కడి పెగ్మటైట్ కూడా జోన్లుగానే ఉంటుంది, పెగ్మటైట్ అంటే గ్రానైట్ చివరి రసం, నీళ్ళు ఎక్కువున్న ముద్ద, అందుకే స్ఫటికాలు జానెడు మూరెడు పెరుగుతాయి. అంచున సన్న రేణువులు, లోపలికి ఫెల్డ్‌స్పార్ గడ్డలు, నడుమ తెల్లటి పలుగురాయి కండ. మామకి ఈ పేర్లేవీ తెలియవు. "పలుగు తగిలిందంటే మైకా పక్కనే ఉంటాదిరా అబ్బయా, పలుగులోకి తవ్వమాక, పక్కకి పో" అనేవాడు. ఎమ్మెస్సీలో పెగ్మటైట్ జోన్ల బొమ్మ బోర్డు మీద గీసినప్పుడు నాకు ఆ గొయ్యే కళ్ళముందు కనిపించింది, మంచి అభ్రకం చాలాచోట్ల పలుగు కండ అంచునే దొరుకుతుందని పుస్తకమూ చెప్పింది. టువాలమీ అంత పెద్దదాంట్లో తేలని గొడవ ఆ పది గజాల గోతిలో కాస్త సులువుగా అర్థమవుతుంది, ఎందుకంటే అక్కడ ద్రవం తక్కువ, బ్యాచులు తక్కువ.

చివర్లో మీరు "హైదరాబాద్‌లో గులాబీ, బూడిద రంగు రాళ్ళు పక్కపక్కనే ఉంటాయి, అదీ జోనింగేనా" అని అడిగారు. రంగు చూసి చెప్పొద్దు. గులాబీ రంగు పొటాష్ ఫెల్డ్‌స్పార్‌లో కంటికి కనిపించనంత ఐరన్ ఆక్సైడ్ వల్ల వస్తుంది, తర్వాత పారిన వేడినీళ్ళు కూడా తెచ్చిపెట్టగలవు. హైదరాబాద్ రాళ్ళ వయసు 250 కోట్ల ఏళ్ళ దరిదాపుల్లో, టువాలమీ దాని ముందు పసిపిల్ల, అంత కాలంలో ఏం జరిగిందో రంగు ఒక్కటే చెప్పదు. కొత్తగా పగిలిన ముఖం చూడండి, నల్ల ఖనిజాలు ఎంత శాతం ఉన్నాయో కంటితో లెక్కేయండి, ఒకదాన్నొకటి కోసుకున్న గీత ఉందా అని వెతకండి, అప్పుడు మాట్లాడదాం.

మళ్ళీ వెళ్ళే ఉద్దేశం ఉంటే చెప్తున్నా, టియోగా రోడ్డు చలికాలం మూసేస్తారు, మంచు కరిగాకే తెరుస్తారు. క్రేన్ ఫ్లాట్ నుంచి టియోగా పాస్ దాకా 46 మైళ్ళు, ఫొటోలకి ఆగుతూ పోతే రోజంతా పడుతుంది. ఈసారి పాస్ దగ్గర మొదలుపెట్టి, ముదురు రాయి ఫొటో ఒకటి పక్కన నాణెం పెట్టి తీయండి, తర్వాత లెంబర్ట్ డోమ్ కింద గడ్డల రాయి, ఆఖరికి ఓమ్‌స్టెడ్‌లో హార్న్‌బ్లెండ్ కడ్డీలు. మూడూ అదే నాణెంతో తీసి ఇక్కడ పెట్టండి, ఏది ఏ రాయో చూసి చెప్తాను. సుత్తి మాత్రం ఇంట్లో వదిలేసి వెళ్ళండి.